డచ్చి ఓడ వెనక తలుపు

పొగ గొట్టంలోంచి రావాలి. ఆ సాయంత్రం ఓడ పొట్టలోంచి వచ్చింది. చూస్తున్న జనం చప్పట్లు కొట్టారు.

ఆటలో అదీ ఒక భాగమే అనుకున్నారు పాపం. ఎల్‌బీ నగర్ రింగు రోడ్డు పక్కన ఖాళీ జాగాలో ఎండాకాలం ఎగ్జిబిషన్ పెట్టి, దాని నడిమధ్యన వెదురు బొంగులతో, తడికెలతో, రంగు గుడ్డతో మూడంతస్తుల మేడంత ఓడను నిలబెట్టి, టికెట్టు చింపి లోపలికి పంపాక, పొగ వస్తే చప్పట్లు కొట్టక ఏం చేస్తారు? ఓడ పొట్టకు ఇనుప జాలీ బిగించారు. ఆ జాలీ వెనక మసి పూసుకున్న మనుషులు, మెడల్లో ప్లాస్టిక్ గొలుసులతో బొగ్గు గంపలు మోస్తూ కనపడతారు. ఆ మనుషులిప్పుడు జాలీ పట్టుకుని ఊపుతున్నారు. నోళ్ళు తెరుస్తున్నారు.

"ఏం యాక్షన్ జేస్తున్నర్రా!" అన్నాడు ముందు వరసలో ఒకాయన, ఫోను పైకెత్తి.

విజయశ్రీ చప్పట్లు కొట్టలేదు. ఆమె ఓడ పక్కన స్టూలు మీద కూర్చుని, గాలికి చిరిగిన తెరచాపకు మాసిక వేస్తోంది. ఓడ ఒంటి మీది గుడ్డంతా ఆమె కుట్టిందే. పోచంపల్లి మగ్గం ఇంట్లో పుట్టి, బీఏలో హిస్టరీ చదివి, పెళ్ళయ్యాక కొత్తపేటలో చీరలకు ఫాల్స్ కుట్టుకుంటూ ఉండిపోయింది. దిల్‌సుఖ్‌నగర్ చీరల కొట్టులో సేల్స్‌మన్‌గా ఉన్న మొగుడు తిరుపతి ఈ పని తెచ్చిపెడితే, "చదివిన చదువు ఊరికే పోలేదులే. చరిత్రకు గుడ్డ కుట్టే నౌకరీ దొరికింది" అని నవ్వింది.

ఇప్పుడు నవ్వు రాలేదు. జాలీ వెనక నుంచి వచ్చిన కేక ఆటలోది కాదు.

"తలుపు! ఎనక తలుపు తియ్యిర్రి!"

ఆ వెనక తలుపు గురించి చెప్పాలి. బొగ్గు గదికి మనుషులు వెళ్ళే దారి అదొక్కటే. తడికె తలుపు. ఆట మొదలవగానే దాన్ని బయట నుంచి తాడుతో కట్టేయాలని కాంట్రాక్టరు నరేష్‌కుమార్ ఆర్డరు. తలుపు తెరిచి ఉంటే టికెట్టు లేనివాళ్ళు దూరతారట, కూలీ వేషం వేసినవాళ్ళు ఆట మధ్యలో బీడీ కోసం బయటికి పోతారట. పైన గొట్టం పక్కన మనిషి పట్టే కంత ఒకటి ఉంది, నిచ్చెనతో సహా. కాని పొగకూ అదే దారి. అద్దె పొగ మెషీను పలచగా వస్తోందని, నరేష్‌కుమార్ ఆ రోజు డ్రమ్ములో నిజం బొగ్గులు పోయించి, తడి గోనెసంచులు కప్పించాడు.

విజయశ్రీ పరుగెత్తేసరికి వెనక తలుపు దగ్గర మారయ్య ఉన్నాడు. నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చిన బొంగులు కట్టే మనిషి. చేతిలో కత్తి ఉంది. తాడు మీదికి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"కొయ్యి మారయ్యా!" అని అరిచింది.

"బావ ముడి అక్కా ఇది! మట్టయ్య బావ కట్టిండు!" అన్నాడు మారయ్య. మరుక్షణం కత్తి దించి, "బావా! ఓ మట్టయ్య బావా! యాడున్నవ్? జల్ది రా, నీ ముడి ఇప్పు!" అని కేకలేస్తూ ఓడ ముందు వైపుకు పరుగు తీశాడు.

పిచ్చివాడు కాదు. బొంగులు కట్టేవాళ్ళకు తాతల నాటి నియమం అది. ఎవరు కట్టిన ముడిని వాళ్ళే విప్పాలి. ఏ ముడి ఎంత బరువు మోస్తోందో కట్టినవాడికే తెలుసు, ఇంకొకడు విప్పితే బొంగు నెత్తిన పడుతుంది. ఇక కత్తితో తాడు కోసేది ఒక్క పాడెకే. కాటి దగ్గర శవాన్ని దించాక పాడె కట్లు కోస్తారు. బతికున్న మనిషి ముడిని కోస్తే వాడికి పాడె కట్టినట్టే. చిన్నప్పటి నుంచి నరాల్లో ఇంకిన ఆ భయం మారయ్య చేతిని పట్టుకుంది.

మట్టయ్య పైన డెక్కు మీద ఉన్నాడని అతని లెక్క. అక్కడ లేడు. తలుపు కట్టేశాక, పొగ చాలడం లేదని నరేష్‌కుమార్ కసిరితే, పై కంతలోంచి నిచ్చెన దిగి లోపలికి పోయాడు, బొగ్గులు ఊదడానికి. తన ముడికి అవతలి పక్కనే ఉన్నాడు.

విజయశ్రీకి నియమాలు తెలియవు. కత్తెర తెలుసు. రాయిలా బిగిసిన తాడు దానికి లొంగలేదు. తను రెండు వరసలు కుట్టిన ఓడ గుడ్డను అడ్డంగా బర్రున చీల్చింది. మగ్గం ఇంటి ఆడపిల్ల గుడ్డను అలా చీల్చడం వాళ్ళ నాన్న చూస్తే మూడు రోజులు మాట్లాడేవాడు కాదు. లోపల బొంగుల అల్లిక మనిషి పట్టేంత సందివ్వలేదు. కాని సందుల్లోంచి ముక్కులు బయటికి వచ్చాయి. మసి ముక్కులు, తెరిచిన నోళ్ళు, గాలి మింగుతూ.

మారయ్య ముందు వైపంతా వెతికి తిరిగి వచ్చేసరికి అతని మొహం మారిపోయి ఉంది. ఎవరో చెప్పారు. తాడు మీద కత్తి దించాడు. తలుపు పడిపోయింది. ఒక్కొక్కరే దగ్గుతూ బయటికొచ్చి మట్టిలో పడ్డారు. చివర మట్టయ్యను కాళ్ళు పట్టి లాగారు.

దవాఖానకు తీసుకుపోయారు. అక్కడి డాక్టరు చూసి, చేతిలోని టార్చి ఆర్పేశాడు. అంతే.

ఆ సమయానికి ఎగ్జిబిషన్‌లో జెయింటు వీలు తిరుగుతూనే ఉంది. "సాంకేతిక కారణాల వల్ల ఓడ ఆట కాసేపు ఆగినది" అని మైకులో చెప్పారు.

*

పాడె కట్టడానికి బొంగులు కావాలి. ఆ ఓడ నిండా బొంగులే. నరేష్‌కుమార్ ఇవ్వలేదు.

"అవి కిరాయి బొంగులు భాయ్. ఎన్ని తెచ్చిన్నో అన్ని వాపస్ ఇయ్యాలె. ఒక్కటి తక్కువైనా నడవదు" అన్నాడు. నిజానికి అతను గట్టిగా కూడా అనలేదు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా. మనిషి చెడ్డవాడిలా కనపడడు. తెల్ల చొక్కా, నుదుట బొట్టు, ఎవరిని పిలిచినా 'అన్నా' అనే పిలుస్తాడు. చెడ్డ పనులు చెయ్యడానికి చెడ్డ మొహం అక్కర్లేదని విజయశ్రీకి ఆ రోజే తెలిసింది.

పోలీసులు వచ్చి అడిగితే చెప్పాడు:

"గా తలుపు ఎవలు కట్టిన్రు సార్? నేను కట్టిన్నా? మట్టయ్యనే కట్టిండు. కావాల్నంటె ఆల్లనే అడుగుర్రి. ముడి జూసి చెప్తరు ఎవనిదో. ఆయన కట్టిన ముడి, ఆయన ఖర్మ. నేనేం జెయ్యాలె?"

పోలీసులు అడిగారు. మారయ్య తల దించుకుని, "మా బావ ముడే సార్" అన్నాడు. అబద్ధం ఆడడం రాదు అతనికి. కేసు అక్కడితో చల్లబడింది.

మట్టయ్య భార్య యాదమ్మ మారయ్యకు తోడబుట్టిన అక్క. నాగోల్ అవతల మూసీ ఒడ్డు కాడ వాళ్ళ గుడిసె. ఆమె పని తాళ్ళు తడపడం. తడిపి కట్టిన తాడు ఆరాక ఇనుములా బిగుస్తుంది. ఆ తలుపు తాడును కూడా ఆమే తడిపి మొగుడి చేతికిచ్చింది. మూడోనాడు కాటి దగ్గర పిట్టకు ముద్ద పెట్టి వచ్చి, తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి అడిగింది.

"కత్తి ఎత్తినవంట."

"ఎత్తిన అక్కా."

"ఎందుకు దించినవ్?"

"బావ ముడి ఎట్ల కోస్తనే? బతికున్నోని ముడి ఎట్ల కోస్త?"

యాదమ్మ ఏడవలేదు, తిట్టలేదు. బకెట్లో నానుతున్న తాడు ముక్కను తీసి పిండుతూ కూర్చుంది. అక్కడే ఉన్న విజయశ్రీ, పలకరింపుకు తెచ్చిన పండ్ల సంచి ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళోనే పెట్టుకుంది. చదువుకున్న మనిషి చావింట్లో ఏం మాట్లాడాలో ఏ సిలబస్‌లోనూ లేదు.

ఆ సాయంత్రమే నరేష్‌కుమార్ నుంచి కబురు వచ్చింది. ఆదివారం ఓడ ఆట మళ్ళీ మొదలు. బొగ్గులు ఉండవట, మెషీను పొగే. కూలీ వేషాలకు పాతవాళ్ళే రావాలి. తలుపు మాత్రం కట్టాల్సిందే. రాకపోతే బయటి నుంచి మనుషులు వస్తారు.

*

తెల్లారి కొత్తపేట అడ్డా దగ్గర అందరూ పోగయ్యారు. మెట్రో లైను కింద, పొద్దున కూలీలు పని కోసం నిలబడే చోటు. బొంగులు కట్టేవాళ్ళు, తడికెలు అల్లేవాళ్ళు, రంగులేసేవాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు, విజయశ్రీ కూడా. టీ కొట్టు గోపయ్య బెంచీలు బయటికి తెచ్చాడు. షేర్ ఆటోలు హారన్లు కొడుతూ పక్క నుంచి పోతున్నాయి.

"పోకుంటె ఎట్ల?" అన్నాడు జగన్ అనే రంగులాయన. ఆ రోజు జాలీ పట్టుకుని ఊపినవాడు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "ఇప్పుడు పని ఇడిస్తె మళ్ళ వినాయకచవితి పందిర్ల దాక ఏముంది? నేను పోత. భయమైతది, గని పోత. పొయ్యి మీద కుండ పెట్టాల్నా వద్దా?"

"థూ! నీకు సిగ్గుండాలె. ఉత్త పుణ్యానికి సచ్చేటోనివి, గా అక్క గుడ్డ చింపుతె బతికినవ్!" అన్నాడు పక్కనున్న ఒకాయన.

"బతికిన గనకనే ఆకలైతుంది!"

కొందరు నవ్వారు. నవ్వాక సిగ్గుపడ్డారు.

"తలుపు కట్టకుంటె పోదం అని చెప్పుదాం."

"చెప్పినం గదా నిన్న. ఏమన్నడు? 'తలుపు తెరిస్తె టికెట్ల పైసలు నువ్విస్తవా' అన్నడు."

"అందరం కాళ్ళ మీద పడుదాం."

"పడ్డం. నేను పడ్డ. కాళ్ళు ఎనకకు తీస్కున్నడు, బూటుకు మసి అంటుతదని."

గోపయ్య టీ గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు. దారులన్నీ మూసుకుపోయాక మనుషులు ఒకరి మొహం ఒకరు చూడరు. నేల చూస్తారు.

అప్పుడు ఓ మూల నుంచి ఒక గొంతు వినపడింది. "ఒక మాట చెప్పొచ్చాండీ?"

మాట తీరు వేరుగా ఉంటే అందరూ తిరిగారు. అతను అభిలాష్. గుంటూరు నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో సర్కారు నౌకరీ పరీక్షలకు చదువుతున్నాడు. హాస్టలు ఖర్చుకని ఓడ ఆటకు మైకులో వచ్చే మాటలు రాసి, తన గొంతుతో రికార్డు చేసిచ్చింది అతనే.

"నువ్వు సేటు మనిషివి గదా?" అన్నాడు జగన్.

"నిన్నటిదాకా. ఆ ఓడ సంగతి మీకెవరికైనా తెలుసా?"

"డచ్చోల్లది. గొప్ప ఓడ. కూలోల్లు దండం పెడ్తరు. గంతే గదా నువ్వు రాసింది."

"నేను సగమే రాశానండీ." అభిలాష్ గొంతు సవరించుకున్నాడు. "దాని పేరు ఓన్‌రుస్ట్. ఇప్పటి ఇండోనేషియా వైపు బోర్నియో అని పెద్ద దీవి ఉంది. అక్కడ బంజార్ అనే రాజ్యం. డచ్చివాళ్ళు దాన్ని మింగుదామని వచ్చారు. అక్కడివాళ్ళు తిరగబడ్డారు. 1859లో ఈ ఆవిరి ఓడని బారిటో అనే నది మీదుగా లోపలికి పంపారు. తిరగబడిన నాయకుణ్ణి పట్టివ్వమని అక్కడి పెద్దలతో బేరమాడ్డానికి."

"పట్టిచ్చిన్రా?"

"మాట్లాడతామని ఓడెక్కారండీ. మర్యాదగానే ఎక్కారు. ఎక్కాక..." అభిలాష్ అరచేతిని మెల్లగా కిందికి దించాడు. "డచ్చివాళ్ళను చంపి, ఓడను నదిలో ముంచేశారు. వేసవిలో నీళ్ళు తగ్గితే దాని ఇనుము ఇప్పటికీ కనపడుతుందట."

బెంచీ మీదివాళ్ళు అతని వైపు జరిగారు.

"మరి గదెందుకు రాయలే?" అని అడిగింది విజయశ్రీ. హిస్టరీ చదివినా ఈ ముక్క ఆమె వినలేదు. ఆమె పుస్తకాల్లో ఓడలన్నీ రావడమే కాని మునగడం లేదు.

"రాశానండీ. నరేష్ గారు కొట్టేయించారు. 'టైటానిక్ మునుగుతదని అందరికి ఎరికే. నాకు మునగని ఓడ గావాలె. ఫ్యామిలీలు ఒస్తరు' అన్నారు. నేనూ సరేనన్నాను. నాకు డబ్బు అవసరం." అతను తల వంచుకున్నాడు. "ఆ తర్వాత వాళ్ళ గతి బాగుపడిందని చెప్పను. ఇంకా ఓడలొచ్చాయి, ఊళ్ళ మీద ఫిరంగులు పేల్చాయి. కానీ వాళ్ళు లొంగలేదండీ. నలభై ఏళ్ళు దాటిందాకా పోరాడుతూనే ఉన్నారు."

"మనం ఎవల్నన్న సంపాల్నా ఏంది?" అన్నాడు జగన్ బెదురుగా.

అంతవరకు గోపయ్య నీళ్ళ బకెట్టు పక్కన కూర్చున్న యాదమ్మ లేచింది. చేతిలో ఆ తాడు ముక్క ఇంకా ఉంది.

"ఎవల్ని సంపేది లేదు. ఒక సావు సాలు" అంది. "నేను మూడొద్దుల సంది ఒక్కటే ఆలోచిస్తున్న. నా పెనిమిటి ఎట్ల సచ్చిండు? పొగకు సచ్చిండా? పొగ ఒక్కటే అయితె నా తమ్ముడు కోసి బయిటికి తీస్తుండె. తాడుకు సచ్చిండా? తాడు నేనే తడిపిన. నాకు తెల్సు, కత్తి పెడితె తెగుతది. మరి దేనికి సచ్చిండు?"

యాదమ్మ తాడు ముక్కను రెండో చేతిలోకి మార్చుకుంది.

"ఎవని ముడి ఆడే ఇప్పాలె అన్న మాటకు సచ్చిండు. గా మాట మనది. సేటుది గాదు. సేటు గా మాటను మన నోట్లకెళ్ళి తీస్కోని పోలీసోల్ల ముంగట పెట్టిండు. మట్టయ్య ముడి, మట్టయ్య తప్పు. అయిపాయె. కేసు లేదు, కోర్టు లేదు."

మారయ్య రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. యాదమ్మ వెళ్ళి ఆ చేతులు విడదీసింది.

"నువ్వు ఏడ్వకు తమ్మీ. చెయ్యి నీదే గని, ఆపింది నువ్వు గాదు. తాత ఆపిండు, ముత్తాత ఆపిండు. ఇగ సాలు. గియ్యాల్టి సంది నీ ముడి నేను ఇప్పుత. నా ముడి జగన్ ఇప్పుతడు. జగన్ ముడి ఇంకొకలు. ఏ ముడి ఎవనిదో, ఎవలు ఇప్పిన్రో, ఇగ ఎవనికీ తెల్వద్దు."

"బొంగు నెత్తిన పడితే?" అన్నాడు ఒక ముసలాయన.

"ఒకలు ఇప్పితె పడ్తది పెదనాయినా. కింద పది మంది పట్టుకుంటె ఎట్ల పడ్తది?"

చాలాసేపు వాదన నడిచింది. కుల పెద్దకు చెప్పాలన్నారు కొందరు. దేవునికి మొక్కాలన్నారు ఇంకొందరు. పోలీసులు ఎముకలు విరుస్తారన్నది అందరూ ఒప్పుకున్న మాట. అడ్డాకు మేస్త్రీలు వచ్చారు, కూలీ కావాలా అని కేకలేశారు. ఆ రోజు అడ్డా నుంచి ఎవరూ కదల్లేదు.

ఇంటికొచ్చాక తిరుపతి అన్నం కలుపుకుంటూ అన్నాడు. "మనకెందుకే గీ పరేషాన్? వాల్లది వాల్లు చూస్కుంటరు. నువ్వు గుడ్డ కుట్టినవ్, అయిపోయింది."

"అదే నేనూ అనుకుంటున్న. కుట్టింది నేనే గదా, కుట్లు ఇప్పెటందుకు ఇంకొకల్లను పంపుతె బాగుంటదా?" అంది విజయశ్రీ, పెరుగు గిన్నె జరుపుతూ.

తిరుపతి ముద్ద చేతిలోనే పట్టుకుని ఆమె వంక చూశాడు. ఆమె అప్పటికే కత్తెరకు నూనె రాస్తోంది.

*

ఆదివారం సాయంత్రం ఎండ ఇంకా దిగలేదు. బడంగ్‌పేట్ నుంచి, నాగోల్ నుంచి, హయత్‌నగర్ నుంచి సంసారాలన్నీ దిగాయి. పీచుమిఠాయి, బజ్జీలు, ఏడుస్తున్న పిల్లలు. ఓడ చిరుగు మీద నరేష్‌కుమార్ ఫ్లెక్సీ అంటించాడు. ఫ్లెక్సీ మీద అతని ఫొటోనే.

కూలీ వేషాలవాళ్ళు వచ్చారు. మసి పూసుకున్నారు. ప్లాస్టిక్ గొలుసులు వేసుకున్నారు. నరేష్‌కుమార్ ఒక్కొక్కరి భుజం తట్టాడు. "శభాష్ అన్నా. నాకు ఎరికే, మీరు ఒస్తరని." జగన్ దండం పెట్టాడు. అంత మర్యాదగా అతను జీవితంలో ఎవరికీ దండం పెట్టి ఉండడు.

మైకు మోగింది. రికార్డులో అభిలాష్ గొంతు. "మహా యుద్ధనౌక వస్తున్నది! దాని ముందు దేశాలు తలవంచుతున్నవి!" ఆటలో ఇక్కడ కూలీలంతా డెక్కు ఎక్కి, కెప్టెన్ బొమ్మ ముందు సాష్టాంగపడాలి. ఆ తర్వాత లోపలికి దిగాలి. తలుపు కట్టాలి.

డెక్కు ఎక్కారు. నిలబడ్డారు. ఎవరూ వంగలేదు.

"వంగుర్రి!" అన్నాడు నరేష్‌కుమార్ కింద నుంచి, పళ్ళ బిగువున.

మారయ్య మెడలో గొలుసు తీసి కెప్టెన్ బొమ్మ మెడలో వేశాడు. అక్కడున్న మొదటి ముడి మీద చెయ్యి పెట్టాడు. అది అతనిది కాదు. కింద నుంచి యాదమ్మ చూస్తోంది. ముడి విప్పాడు.

ఏమీ కాలేదు. ఆకాశం ఊడి పడలేదు. బొంగు వదులైంది. కింద పది చేతులు దాన్ని అందుకున్నాయి.

"జర ఎనకకు జరుగుర్రి! పిల్లలను పట్టుకోర్రి!" అని ఆడవాళ్ళు చేతులు చాచి జనాన్ని దూరంగా జరిపారు. పైన గొట్టం ముందు దిగింది. దాని వెనక స్తంభం. విజయశ్రీ తెరచాప కుట్లు ఒక్కొక్కటే తెంపింది. చించలేదు. మడత పెట్టింది, దోవతి మడత పెట్టినట్టు పొందికగా. బొంగులన్నీ ఒక పక్కన వరసగా పేర్చారు. ఒక్కటి విరగలేదు. తాళ్ళు చుట్టలు చుట్టి పక్కన పెట్టారు.

జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు, కొత్త ఆట అనుకుని. విజయశ్రీ వెనక్కి తిరిగింది.

"ఇది ఆట కాదు!" అని అరిచింది. తన గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు. "మొన్న గీ జాలీ ఎనక ఒక మనిషి సచ్చిపోయిండు. మట్టయ్య. తలుపు కట్టేస్తె సచ్చిపోయిండు. మీరు చప్పట్లు కొట్టిన్రు!"

చప్పట్లు ఆగిపోయాయి. మొన్న ముందు వరసలో ఫోను పైకెత్తినాయన ఇవ్వాళ పిల్లల్ని తీసుకుని వచ్చాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. వచ్చి బొంగు రెండో కొన పట్టుకున్నాడు.

"అరె, బంద్ జెయ్యిర్రి! నా ఓడ!" నరేష్‌కుమార్ అటూ ఇటూ ఉరికాడు. విజయశ్రీ ముందు ఆగాడు. "మీరు చదువుకున్నోళ్ళు మేడం. గీల్ల నడుమ మీకేంది?"

"చదివిన గదన్నా. మధ్యల కొట్టేసిన పేజీ ఇప్పుడు చదువుతున్న" అంది, దారం తెంపుతూ.

పోలీసులు వచ్చేసరికి ఓడ లేదు. రింగు రోడ్డు దుమ్ములో బొంగుల కుప్పలు, మడిచిన గుడ్డ, మిగిలిన ఒకే ఒక్క తడికె తలుపు. దాన్ని ఎవరూ దించలేదు. నేల మీద అలాగే నిలబెట్టారు, బార్లా తెరిచి.

"ముంచిన్రు సార్! నా ఓడ ముంచిన్రు!" అన్నాడు నరేష్‌కుమార్.

ఎస్సై చుట్టూ చూశాడు. "ఎల్‌బీ నగర్‌ల ఓడ ముంచిన్రని రాయమంటవా? సముద్రం యాడికెళ్ళి తెస్తవ్?" అన్నాడు విసుగ్గా. జనంలో నవ్వు పాకింది. ఆ నవ్వుకు ఎస్సైకి కోపం వచ్చింది. "ఎవల్రా ఇప్పింది? ఎవని ముడి ఆడే ఇప్పుతడంట గదా. మీరు ఇప్పిన ముడి ఎవనిది?"

"నాది గాదు సార్" అన్నాడు మారయ్య.

"నాదీ గాదు" అన్నాడు జగన్.

"నాదీ గాదు."

"నాది గానే గాదు."

ఆడవాళ్ళు అన్నారు, ముసలాయన అన్నాడు. ఆఖరికి ఆ ఫోను ఆయన కూడా అన్నాడు. అందరూ నిజమే చెప్పారు.

"అయితె అందరినీ ఎక్కించుర్రి!" అన్నాడు ఎస్సై.

ఎక్కించారు. లాఠీలు లేచాయి. మారయ్య నుదురు పగిలింది. జగన్‌ను చొక్కా పట్టి ఈడ్చారు. రికార్డు చేసిన తన గొంతు ఇంకా మైకులో దేశాల్ని తలవంచమంటుంటే, అభిలాష్ వెళ్ళి దాని వైరు పీకి, తనంతట తనే వ్యాను ఎక్కాడు. సర్కారు నౌకరీ ఇక రాదని తెలిసిన మొహం అది. విజయశ్రీని ఆడ కానిస్టేబులు "నువ్వు పోమ్మా" అంది. విజయశ్రీ కత్తెరను భద్రంగా ఆమె చేతికిచ్చి, వ్యాను మెట్టు మీద కాలు పెట్టింది. దూరంగా జనంలో తిరుపతి నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. అతని చేతిలో కూడా ఒక బొంగు కొన ఉంది. పట్టుకున్న సంగతి అతనికే తెలిసినట్టు లేదు.

వ్యాను కిక్కిరిసిపోయింది. చెమట, మసి, నెత్తురు వాసన. కానిస్టేబులు వెనక తలుపు దగ్గరికి లాగి, బయట నుంచి గొళ్ళెం మీద చెయ్యి వేశాడు.

యాదమ్మ తలుపు సందులో చెయ్యి పెట్టింది.

"చెయ్యి తియ్యవ్వా, నలుగుతది."

"నలగనీ."

"ఏంది లొల్లి?"

"కొడ్తె కొట్టుర్రి. జైల్ల ఏస్తె ఎయ్యిర్రి. మేం దుంకి పారిపోం" అంది యాదమ్మ. "గని మమ్ముల్ని లోపట పెట్టి బయిటికెళ్ళి తలుపు కట్టద్దు. ఇగ ఏ తలుపూ కట్టనియ్యం."

కానిస్టేబులు నెట్టాడు. ఆమె చెయ్యి తియ్యలేదు. ఆ చేతి మీద మారయ్య చెయ్యి పెట్టాడు. దాని మీద విజయశ్రీ. దాని మీద జగన్. సందు నిండా చేతులే. బయట జనం దగ్గరికి వచ్చారు. మొదట ఎవరో ఒక ఆడమనిషి అంది, "తలుపు తెరువుర్రి." ఇంకొకరు అన్నారు. ఎగ్జిబిషన్ గేటు దాకా, బజ్జీల బండి దాకా, రోడ్డు మీద ఆగిన బస్సు కిటికీల దాకా ఆ మాట పాకింది. తలుపు తెరువుర్రి. తలుపు తెరువుర్రి.

ఎస్సై జనాన్ని చూశాడు. చేతుల్ని చూశాడు. "నడువ్, నడువ్. అట్లనే పోనియ్యి" అన్నాడు డ్రైవరుతో.

తలుపు తెరిచి ఉన్న పోలీసు వ్యాను రింగు రోడ్డు మీదికి వచ్చింది. లోపల మసి మొహాలు, పొద్దు వెలుతురులో రోడ్డంతా కనపడుతూ. చౌరస్తా దాటాక ఒక ఫంక్షన్ హాలు ముందు పెద్ద పందిరి లేస్తోంది. ఎవరో పెద్దమనిషి ఇంటి పెళ్ళి. బొంగుల మీద కూర్చుని కడుతున్నవాళ్ళు చేతులు ఆపి చూశారు. మసి మొహాల్లో తమ ఊరివాళ్ళను, అడ్డా దగ్గర ముడుల మాట చెప్పిన యాదమ్మను గుర్తుపట్టారు. యాదమ్మ పైట కొంగులోంచి తాడు ముక్క తీసి, ముడి లేని ఆ ముక్కను వాళ్ళకు కనపడేలా పైకెత్తింది.

అందరికంటే ఎత్తున ఉన్నవాడు తను కడుతున్న ముడిని వదిలేశాడు. పక్కవాడి ముడిని విప్పడానికి చెయ్యి చాచాడు.